రెండేళ్లు నిండని బాబుకి మాటిమాటికీ చెవి ఇన్ఫెక్షన్: గ్రోమెట్ వేయించాలా, ఆగాలా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ. బాబుకి ఇరవై రెండు నెలలు. ప్లేస్కూల్లో చేర్చాక ఆరు నెలల్లో నాలుగుసార్లు చెవి ఇన్ఫెక్షన్ వచ్చింది, నాలుగుసార్లూ యాంటీబయాటిక్ సిరప్ వాడారు. ఈఎన్‌టీ డాక్టర్ రెండు చెవులకీ గ్రోమెట్ (కర్ణభేరిలో అమర్చే చిన్న గొట్టం) వేద్దామన్నారు. డల్లాస్‌లో ఉన్న మీ అక్కగారు తన పాపకి వేయించారు కాబట్టి ఏమీ ఆలోచించకుండా వేయించెయ్యమంటున్నారు. మీ అత్తగారేమో అంత పసివాడికి మత్తిచ్చి చెవికి చిల్లు పెట్టడం ఏమిటి, వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చుక్కలు వేస్తే తగ్గుతుంది అంటున్నారు. మధ్యలో మీకు టెన్షన్.

నేను ఈఎన్‌టీ డాక్టర్ని, విజయవాడలో ఇరవై ఏళ్లకు పైగా పిల్లల చెవులు చూస్తున్నాను. గ్రోమెట్లు వేస్తాను, కానీ ఇప్పుడే వద్దు అని చెప్పి పంపిన పిల్లలే ఎక్కువ. ముందు మీకు కావలసిన జవాబు చెప్పేస్తాను.

ఎన్నిసార్లు ఇన్ఫెక్షన్ వచ్చిందన్న లెక్క ఒక్కటే చూసి గ్రోమెట్ వేయకూడదు. బాబుకి జలుబు, జ్వరం, నొప్పి ఏమీ లేని రోజున చూసినప్పుడు కర్ణభేరి వెనక నీరు ఉందా లేదా అన్నదాన్ని బట్టి నిర్ణయం ఉండాలి. ఒక్క చెవిలోనైనా నీరు నిలిచి ఉంటే మీ డాక్టర్ చెప్పింది సరైన సలహా, రెండు చెవులకీ వేయించడం మంచిదే. రెండు చెవులూ శుభ్రంగా ఉంటే, నాలుగుసార్లు కాదు ఐదుసార్లు వచ్చినా సరే, ఆగి చూడవచ్చు, ఆగడమే మంచిది. మీరు రాసినదాంట్లో ఈ ఒక్క విషయం లేదు. ఆపరేషన్ సలహా ఇచ్చిన రోజున బాబుకి ఇన్ఫెక్షన్ ఉందా, తగ్గాక ఎన్నాళ్లకి చూశారు, టింపనోగ్రామ్ (కర్ణభేరి ఎలా కదులుతోందో గీతగా చూపే పరీక్ష) తీశారా, ఈ మూడూ తెలియకుండా అవును అని గానీ కాదు అని గానీ నేను చెప్పలేను.

ఇది నా సొంత అభిప్రాయం కాదు. అమెరికాలో ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2013లో పిల్లల గ్రోమెట్ల మీద మార్గదర్శకాలు ఇచ్చింది, 2022లో వాటిని సవరించింది. రెండింటిలోనూ ఇదే ఉంది. ఆరు నెలల్లో మూడుసార్లు, లేదా ఏడాదిలో నాలుగుసార్లు (అందులో కనీసం ఒకటి గత ఆరు నెలల్లో) వస్తే దాన్ని మాటిమాటికీ వచ్చే ఇన్ఫెక్షన్ అంటారు. మీ బాబు ఆ లెక్కలోకి వస్తాడు. కానీ పరీక్ష చేసిన రోజున మధ్య చెవిలో నీరు లేకపోతే గ్రోమెట్ వేయవద్దనే అవి చెబుతున్నాయి.

ఎందుకలా అంటే ముందు చెవి లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్పాలి. కర్ణభేరి వెనక చిన్న గాలి గది ఉంటుంది, దాన్నే మధ్య చెవి అంటాం. ఆ గదికి గాలి అందేది ముక్కు వెనక భాగం నుంచి వచ్చే యుస్టేషియన్ ట్యూబ్ అనే సన్నని గొట్టం ద్వారా. పెద్దవాళ్లలో అది పొడవుగా, ఏటవాలుగా ఉంటుంది. చిన్నపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది, సరిగా తెరుచుకోదు కూడా. జలుబు చేసిందంటే ఆ గొట్టం వాచి మూసుకుపోతుంది, గదిలో గాలి తగ్గి నీరు ఊరుతుంది, ముక్కులోని బాక్టీరియా అక్కడికి పాకి ఆ నీటిని చీముగా మారుస్తుంది. ఆ చీము కర్ణభేరిని లోపలి నుంచి నెడితే వచ్చేదే పిల్లాడు అర్ధరాత్రి లేచి చెవి పట్టుకుని ఏడ్చే నొప్పి. ప్లేస్కూల్లో చేరిన మొదటి ఏడాది పిల్లలకి నెలకో జలుబు మామూలే, దాని వెనకే చెవి. ఆరేడేళ్లు వచ్చేసరికి ఆ గొట్టం పొడుగై వంపు తిరుగుతుంది, చాలామందిలో ఈ గొడవ దానంతటదే తగ్గిపోతుంది. అంటే మనం చేసే ఏ వైద్యమైనా ఆ వయసు వచ్చేదాకా పిల్లాణ్ణి బాధ లేకుండా, వినికిడి పోకుండా, మాటలు వెనకబడకుండా నడిపించడానికే.

నొప్పి, జ్వరం తగ్గినా ఇన్ఫెక్షన్ తర్వాత నీరు వెంటనే పోదు, ఇది చాలామంది తల్లిదండ్రులకి ఎవరూ చెప్పరు. రెండు వారాలకి చూస్తే పదిమందిలో ఏడుగురికి ఇంకా నీరు ఉంటుంది. నెలకి నలుగురికి. మూడు నెలలకి ఒక్కరికి. అందుకే సిరప్ అయిపోయిన వారానికే తీసిన టింపనోగ్రామ్‌లో గీత చదునుగా వచ్చిందని ఆపరేషన్ తేదీ పెట్టించుకోవద్దు. ఆ గీత అప్పుడు చాలామందికి అలాగే వస్తుంది. కనీసం నాలుగు వారాలు ఆగి మళ్లీ చూపించండి.

గ్రోమెట్ అంటే కర్ణభేరికి చేసిన చిన్న గాటులో అమర్చే దారం రీలు ఆకారం గొట్టం, లోపలి రంధ్రం మిల్లీమీటరు ఉంటుంది అంతే. ఇప్పటి తరహా గొట్టాన్ని 1954లో అమెరికాలో ఆర్మ్‌స్ట్రాంగ్ అనే డాక్టర్ వాడుకలోకి తెచ్చారు. నీరు బయటికి కారడానికి పెడతారని అందరూ అనుకుంటారు. దాని అసలు పని గాలిని లోపలికి పంపడం. పెద్ద నూనె డబ్బాకి ఒకే చిల్లు పెడితే నూనె సరిగా రాదు, పైన రెండో చిల్లు పెడితే గాలి లోపలికి వెళ్లి ధారగా వస్తుంది కదా, గ్రోమెట్ ఆ రెండో చిల్లు. ముక్కు వైపు దారి మూసుకున్నా బయటి నుంచి గాలి అందుతుంది కాబట్టి నీరు నిలవదు. ఇది అర్థమైతే నీరు నిలవని చెవికి గ్రోమెట్‌తో పెద్ద ఉపయోగం ఎందుకు ఉండదో కూడా అర్థమవుతుంది. మంచి రోజుల్లో చెవి శుభ్రంగా ఉందంటే ఆ పిల్లాడి యుస్టేషియన్ గొట్టం పనిచేస్తోందనే లెక్క, జలుబు చేసినప్పుడు మాత్రం తాత్కాలికంగా ఓడిపోతోంది.

2021లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ వైద్యులు చేసిన అధ్యయనం ఒకటి ఉంది, మీ అక్కగారికి కూడా చూపించండి. ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు ఉన్న, అచ్చం మీ బాబులాగే మాటిమాటికీ ఇన్ఫెక్షన్లు వచ్చే 250 మంది పిల్లల్ని తీసుకుని సగం మందికి గ్రోమెట్ వేశారు, సగం మందికి వచ్చినప్పుడల్లా మందులిచ్చారు. రెండేళ్ల పాటు చూస్తే ఏడాదికి సగటున గ్రోమెట్ వేసినవాళ్లకి 1.48 సార్లు, వేయనివాళ్లకి 1.56 సార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది. అంటే తేడా లేనట్టే. అయితే గ్రోమెట్ వేసినవాళ్లలో మొదటి ఇన్ఫెక్షన్ రావడానికి ఎక్కువ కాలం పట్టింది, నాలుగు నెలలకు పైగా, మందుల వాళ్లకి రెండు నెలల చిల్లర. యాంటీబయాటిక్స్ ఎక్కువ వాడడం వల్ల మొండి బాక్టీరియా పెరిగిందా అని కూడా చూశారు, తేడా కనిపించలేదు.

దీన్ని చూసి గ్రోమెట్ పనికిరాదు అనడం తప్పు. మందుల వర్గంలో సగానికి కాస్త తక్కువమందికి ఆ రెండేళ్లలో చివరికి గ్రోమెట్ వేశారు. కొందరికి ఇన్ఫెక్షన్లు ఆగక, కొందరికి తల్లిదండ్రులు అడిగి. మిగతా సగానికి పైగా పిల్లలు అసలు ఆపరేషన్ లేకుండానే గట్టెక్కారు. నేను తల్లిదండ్రులకి చెప్పేది ఈ రెండో సగం గురించే. ముందే తొందరపడి ఉంటే వాళ్లందరికీ మత్తిచ్చి ఉండేవాళ్లం.

మొదట ఆ నాలుగూ నిజంగా చెవి ఇన్ఫెక్షన్లేనా చూడండి. ఈ మాట ఎవరినో తప్పుపట్టడానికి కాదు. ఏడుస్తున్న పిల్లాడి కర్ణభేరి ఏడుపుకే ఎర్రబడుతుంది, జ్వరానికీ ఎర్రబడుతుంది. ఎర్రగా ఉన్నంత మాత్రాన ఇన్ఫెక్షన్ కాదు, ఉబ్బి ఉండాలి. పైగా చాలా చెవుల్లో గులిమి అడ్డుగా ఉంటుంది, దాన్ని తీయకుండా వెనకేముందో చూడలేం. రద్దీ ఓపీలో చెవి పట్టుకుంటున్నాడు, జ్వరం ఉంది అని అమ్మ చెబితే చెవి ఇన్ఫెక్షన్ అని రాసి సిరప్ ఇచ్చేయడం జరుగుతూనే ఉంటుంది. పళ్లు వస్తున్నప్పుడు కూడా పిల్లలు చెవి లాక్కుంటారు, నిద్ర వచ్చినా లాక్కుంటారు. గుడివాడ వైపు నుంచి ఒక బాబుని గ్రోమెట్ కోసమే నా దగ్గరికి తీసుకొచ్చారు, పాత చీటీలన్నీ ఫైలు చేసుకుని. ఆరు ఇన్ఫెక్షన్లని రాసుంది, ఒక్క చీటీలో కూడా కర్ణభేరి ఎలా ఉందో రాసి లేదు. ఇకమీదట అనుమానం వచ్చిన ప్రతిసారీ మందు మొదలుపెట్టే ముందు నా దగ్గర గానీ వాళ్ల ఊళ్లో ఈఎన్‌టీ దగ్గర గానీ ఒకసారి చూపించమన్నాను. ఆ తర్వాత వచ్చినవాటిలో ఎక్కువ వట్టి జలుబు జ్వరాలే అని తేలింది. గ్రోమెట్ ఊసే రాలేదు. కాబట్టి మీ దగ్గరున్న చీటీలు తీసి చూడండి, కర్ణభేరి ఉబ్బి ఉందనో, చీము కారిందనో ఎన్నింటిలో రాశారో అదే మీ అసలు లెక్క.

ఇప్పుడు దీనికి రెండో వైపు, ఎందుకంటే ఆగండి అన్న మాట పట్టుకుని ఆగకూడని పిల్లల్ని ఆపేసేవాళ్లూ ఉన్నారు.

నీరు మూడు నెలలకు మించి నిలిచి, వినికిడి తగ్గితే గ్రోమెట్ వేయించాలి. ఈ నీరు పాతబడే కొద్దీ జిగురులా మారుతుంది. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, అందుకే ఎవరికీ తెలియదు. వినికిడి సగటున పాతిక డెసిబెల్స్ దాకా తగ్గుతుంది, అంటే పిల్లాడు చెవిటివాడు కాడు, ఎదురుగా మాట్లాడితే వింటాడు, వెనక గదిలోంచి పిలిస్తే వినడు. తెనాలి దగ్గర నుంచి ఒక పాపని తెచ్చారు, నాలుగేళ్లు, చెవుల కోసం కాదు, స్కూల్లో టీచర్ చెప్పింది పట్టించుకోవడం లేదని, మొండి అని. టీవీ సౌండ్ పెంచుకుంటుందా అనడిగితే తల్లి వెంటనే అవునండీ అంది. రెండు చెవుల్లోనూ జిగురే. గ్రోమెట్ వేసి ఇంటికి వెళుతుంటే కారు హారన్లకి ఉలిక్కిపడి చెవులు మూసుకుందట. ఇలాంటి పిల్లల్లో గ్రోమెట్ ఫలితం మొదటి రోజే కనిపిస్తుంది.

అంగిలి చీలికతో పుట్టిన పిల్లలు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు, ముందే నరాల వినికిడి లోపం ఉన్నవాళ్లు, ఆటిజం ఉన్నవాళ్లు, మాటలు వెనకబడినవాళ్లు, చూపు బాగా తక్కువున్నవాళ్లు వేరే లెక్క. వీళ్లకి నీరు తొందరగా పోయే అవకాశం తక్కువ, లేదా కొంచెం వినికిడి తగ్గినా నష్టం ఎక్కువ. వీళ్లకి మూడు నెలల గడువు కోసం ఎదురుచూడనక్కర్లేదు. అలాగే చెవి వెనక ఎముకకి ఇన్ఫెక్షన్ పాకినవాళ్లు, రెండు మూడు రకాల యాంటీబయాటిక్స్ పడనివాళ్లు, ప్రతి చెవి జ్వరానికీ ఫిట్స్ వచ్చేవాళ్లు, వీళ్ల విషయంలో నేనూ త్వరగానే నిర్ణయం తీసుకుంటాను.

మీ బాబుకి మాటలు ఎన్ని వచ్చాయో రాయలేదు. రెండేళ్లకి సుమారు యాభై మాటలు రావాలి, అమ్మ రా, పాలు కావాలి లాంటి రెండు మాటల కలయికలు మొదలవ్వాలి. దానికి బాగా వెనక ఉన్నాడనిపిస్తే ఆగుదాం అని నేనన్నది పక్కన పెట్టి వెంటనే వినికిడి పరీక్ష చేయించండి. ఈ వయసులో ఆడియాలజిస్టు గదిలో శబ్దాలు పెట్టి పిల్లాడు తల తిప్పుతున్నాడా చూస్తారు, కుదరకపోతే నిద్రపుచ్చి బెరా (శబ్దానికి వినికిడి నరం ఎలా స్పందిస్తోందో చూసే పరీక్ష) చేస్తారు. మాటలు బాగానే వస్తున్నాయి, పిలిస్తే పలుకుతున్నాడు అంటే కొన్ని నెలలు ఆగినందువల్ల నష్టమేమీ లేదు. ఇదే పిట్స్‌బర్గ్‌లో పారడైజ్ అనే పిల్లల డాక్టర్, ఆయన బృందం, మూడేళ్ల లోపు చెవిలో నీరు నిలిచిన ఆరోగ్యవంతులైన పిల్లల్లో కొందరికి వెంటనే, కొందరికి కొన్ని నెలలు ఆగి గ్రోమెట్ వేసి, తొమ్మిది నుంచి పదకొండేళ్ల వయసు దాకా చదువు, మాట, తెలివి అన్నీ పరీక్షించారు. రెండు వర్గాలకీ తేడా లేదని 2007లో ప్రచురించారు.

మీ అత్తగారి విషయానికి వద్దాం. ఆవిడ భయాన్ని తీసిపారేయకండి, మత్తు గురించి అడగవలసిందే. ఈ ఆపరేషన్‌కి పిల్లాడికి మాస్క్ పెట్టి గ్యాస్‌తో మత్తిస్తారు, రెండు చెవులకీ కలిపి పది పదిహేను నిమిషాలు, సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తారు. పసివాళ్లకి మత్తిస్తే మెదడు మీద ప్రభావం ఉంటుందా అన్న ప్రశ్నకి మంచి అధ్యయనమే జరిగింది. కొన్ని నెలల పిల్లలకి హెర్నియా ఆపరేషన్‌లో గంటలోపు ఒక్కసారి మత్తిచ్చి, ఐదేళ్లు వచ్చాక తెలివితేటలు పరీక్షిస్తే, పూర్తి మత్తు ఇవ్వనివాళ్లతో పోలిస్తే తేడా కనిపించలేదు. 2019లో వచ్చింది ఆ ఫలితం. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో హెచ్చరించింది మూడు గంటలు దాటే మత్తు గురించి, మళ్లీ మళ్లీ ఇచ్చే మత్తు గురించి. కాబట్టి అవసరమైనప్పుడు మత్తుకి భయపడి ఆపకండి. పిల్లల మత్తులో అనుభవమున్న అనస్థీషియా డాక్టర్ ఉంటారా అని మాత్రం అడిగి తెలుసుకోండి, జలుబుతో ఉన్న రోజున చేయించకండి.

నూనె మాత్రం వద్దు. వెల్లుల్లి నూనె, వేడి నూనె, చనుబాలు, ఉల్లిరసం ఏదైనా సరే, చెవిలో వేసింది కర్ణభేరి దగ్గర ఆగిపోతుంది, జబ్బు దాని వెనక ఉంది. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే అప్పుడు లోపలికి పోతుంది, అది ఇంకా ప్రమాదం. మన కోస్తా ఉక్కపోతకి నూనె చెవిలో నిలిస్తే బూజు పడుతుంది, ఎండాకాలం, వానాకాలం నా దగ్గరికి వచ్చే చెవి దురద కేసుల్లో చాలా భాగం ఈ నూనె చెవులే. గోరువెచ్చని గుడ్డతో బయటి నుంచి కాపడం పెడితే పిల్లాడికి హాయిగా ఉంటుంది, అది పెట్టమనండి. ఆవిడ చేత్తో ఏదో ఒకటి చేయాలి కదా, ఆ పని ఆవిడకే అప్పగించండి. నొప్పికి పిల్లల డాక్టర్ బరువు చూసి చెప్పిన మోతాదులో పారాసిటమాల్ ఇవ్వండి.

ఇంకొకటి, అత్తగారితోనే మెల్లగా మాట్లాడాల్సింది. సాంబ్రాణి పొగ. తలంటు పోశాక పిల్లాణ్ణి పొగ మీద పట్టుకోవడం మన ఇళ్లల్లో ప్రేమతో చేసే పని, నాకూ తెలుసు. కానీ పొగ ఏదైనా ముక్కు లోపలి పొరని వాచేలా చేస్తుంది, ఆ వాపే చెవి గొట్టాన్ని మూసేది. సిగరెట్, బీడీ పొగ అన్నిటికన్నా చెడ్డది. ఇంట్లో ఎవరు కాలుస్తున్నా, బాల్కనీలోకి వెళ్లి కాల్చినా సరే, మానేయాలి. దోమల చక్రాల బదులు దోమతెర కట్టండి.

ఆగే కాలంలో చేయగలిగినవి ఇంకా ఉన్నాయి. పడుకోబెట్టి సీసాతో పాలు పట్టకండి, తల ఎత్తి పట్టండి, రెండేళ్లు వస్తున్నాయి కాబట్టి గ్లాసుకి మార్చేస్తే ఇంకా మంచిది. నోట్లో పాసిఫయర్ ఉంటే తీసేయండి. న్యూమోకోకల్ టీకా పడిందో లేదో కార్డు చూడండి. 2021 నుంచి మన దేశమంతటా ప్రభుత్వ టీకాల్లోనే ఇస్తున్నారు, ఆరు వారాలకి, పద్నాలుగు వారాలకి, తొమ్మిది నెలలకి. ఏటా ఫ్లూ టీకా వేయిస్తే జలుబుతో వచ్చే చెవి బాధ కొంత తగ్గుతుంది. వీలైతే కొన్ని నెలలు ప్లేస్కూల్ మాన్పించి ఇంట్లో ఉంచడం గానీ, తక్కువ మంది పిల్లలున్న చోటికి మార్చడం గానీ ఆలోచించండి. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తుంటే ఇది తేలిక కాదని తెలుసు. కానీ ఇంట్లో అత్తగారు ఉన్నారంటున్నారు కాబట్టి రాస్తున్నాను. నా దగ్గరికి వచ్చే చాలామంది పిల్లలకి ఈ ఒక్క మార్పుతోనే చెవులు కుదుటపడ్డాయి.

చేయకూడనివి కూడా రాస్తాను. చెవిలో నీరు తగ్గడానికని అలర్జీ సిరప్‌లు, ముక్కు దిబ్బడ సిరప్‌లు నెలల తరబడి వాడిస్తుంటారు, వాటి వల్ల ఆ నీరు తగ్గదు, పిల్లాడు మత్తుగా ఉంటాడు. ఇన్ఫెక్షన్ రాకుండా ముందుజాగ్రత్తగా రోజూ యాంటీబయాటిక్ ఇవ్వడం కూడా మంచిది కాదు. కానీ ఖాయంగా ఇన్ఫెక్షన్ అయినప్పుడు మొదలుపెట్టిన కోర్సుని, నొప్పి తగ్గింది కదా అని మూడో రోజున ఆపేయకండి. రెండేళ్ల లోపు పిల్లల్లో ఐదు రోజుల కోర్సు కన్నా పది రోజుల కోర్సు బాగా పనిచేస్తుందని 2016లో తేలింది. నాలుగు ఇన్ఫెక్షన్లు అంటున్నారే, వాటిలో ఒకటి రెండు అసలు పూర్తిగా తగ్గని పాతదే తిరగబెట్టి ఉండవచ్చు, తేదీలు చూసుకోండి.

మీ అక్కగారు చెప్పింది వాళ్ల పాప విషయంలో సరే కావచ్చు. అమెరికాలో గ్రోమెట్ అంటే పిల్లలకి చాలా మామూలు ఆపరేషన్, పసివయసులోనే డేకేర్‌కి పంపుతారు, తల్లిదండ్రులకి సెలవులు తక్కువ, అక్కడ లక్షల మంది పిల్లలకి ఏటా వేస్తారు. ఆ పాప చెవిలో నీరు ఉందో లేదో, ఎన్ని నెలలుందో మనకి తెలియదు. అడిగి చూడండి, మూడు నెలలుగా నీరుందని అక్కడి డాక్టర్ చెప్పి ఉంటే మీ ఇద్దరి పిల్లలవీ వేర్వేరు కేసులు.

ఒకవేళ పరీక్షలో నీరు ఉండి వేయించాల్సి వస్తే, ముందే తెలియాల్సినవి ఇవి. గ్రోమెట్ ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా ఉండి దానంతటదే బయటికి వచ్చేస్తుంది, తీయడానికి మళ్లీ ఆపరేషన్ చాలామందికి అక్కర్లేదు. కర్ణభేరి మూసుకుంటుంది. వందలో కొద్దిమందికి చిన్న చిల్లు మిగిలిపోతుంది, పెద్దయ్యాక దాన్ని మూయాల్సి రావచ్చు. తెల్లని మచ్చ పడడం మామూలు, దానివల్ల వినికిడికి ఏమీ కాదు. కొందరికి అది ఊడిపోయాక మళ్లీ నీరు చేరి రెండోసారి వేయాల్సి వస్తుంది. ఎక్కువ కాలం నిలిచే టీ ఆకారం గొట్టాలు మొదటిసారే వేస్తామంటే ఎందుకని అడగండి, వాటితో చిల్లు మిగిలే అవకాశం చాలా ఎక్కువ. అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) కూడా ఒకేసారి తీసేద్దాం అంటే, నాలుగేళ్ల లోపు పిల్లలకి గురక, నోటితో గాలి పీల్చడం, ముక్కు ఎప్పుడూ మూసుకునే ఉండడం లాంటివి ఉంటేనే ఒప్పుకోండి.

గ్రోమెట్ ఉన్న చెవి ఎప్పుడో ఒకసారి కారుతుంది. సుమారు నలుగురిలో ఒకరికి. దీనికి భయపడక్కర్లేదు, నొప్పి ఉండదు, చీము బయటికి దారి దొరికి వచ్చేస్తోందని అర్థం. అప్పుడు సిరప్ కాదు, చుక్కల మందు వాడాలి. నెదర్లాండ్స్‌లో చేసిన అధ్యయనంలో రెండు వారాల తర్వాత కూడా చెవి కారుతున్నవాళ్లు చుక్కలు వేసినవాళ్లలో నూటికి ఐదుగురు, సిరప్ తాగినవాళ్లలో నలభై నలుగురు, ఏమీ చేయనివాళ్లలో యాభై ఐదుగురు. సిరప్ వాడినా ఊరికే ఉన్నా పెద్ద తేడా లేదు, చూశారా! చుక్కల్లో ఆఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ రకాలు క్షేమం. జెంటామైసిన్, నియోమైసిన్ ఉన్నవి గ్రోమెట్ చెవిలో వేయకూడదు, అవి లోపలి చెవికి చేరితే వినికిడి నరానికే హాని. మందుల షాపులో అడిగి ఏదో ఒక చెవి చుక్కలు తెచ్చి వేయడం ఈ ఒక్క కారణానికి నాకు భయం. మీ డాక్టర్ రాసిన మందు పేరు ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి, అత్తగారి ఫోన్లో కూడా.

స్నానం గురించి అందరూ అడుగుతారు. మామూలు స్నానానికి, క్లోరిన్ వేసిన స్విమ్మింగ్ పూల్‌లో పైపైన ఆడుకోవడానికి చెవిలో ఏమీ పెట్టనక్కర్లేదు. తలంటు పోసేటప్పుడు సబ్బు నీరు చెవిలోకి పోకుండా వాసెలిన్ రాసిన దూది ఉండ పెడితే చాలు, సబ్బు నీరు మామూలు నీటికన్నా తేలిగ్గా ఆ రంధ్రంలోంచి దిగుతుంది. చెవిలో నూనె ఒక్క చుక్క కూడా వద్దు. కాలవ, చెరువు, కృష్ణలో మునకలు గ్రోమెట్ ఉన్నంతకాలం మానేయాలి. విమాన ప్రయాణానికి ఇబ్బంది లేదు, పైగా గాలి దారి ఉంది కాబట్టి చెవి నొప్పి కూడా రాదు.

వేయించినా వేయించకపోయినా ఈ కింది వాటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి: చెవి వెనక ఎర్రగా వాచడం, చెవి ముందుకి తోసినట్టు నిక్కబొడుచుకోవడం, ముఖం ఒక పక్కకి లాగినట్టు ఉండడం, నడుస్తూ తూలడం, మెడ బిగుసుకోవడం, లేపినా లేవనంత మగతగా ఉండడం.

ఇక మీరు వెంటనే చేయాల్సింది. చివరి ఇన్ఫెక్షన్ తగ్గి నాలుగు వారాలు నిండాక, జలుబు లేని రోజు చూసుకుని మీ డాక్టర్ దగ్గరికే వెళ్లండి, డాక్టర్ని మార్చనక్కర్లేదు. చెవిలో గులిమి తీయించి కర్ణభేరిని చూడమనండి, రెండు చెవులకీ టింపనోగ్రామ్ అడగండి. గీత పైకి లేచి కిందికి దిగితే, దాన్ని టైప్ ఏ అంటారు, ఆ చెవిలో నీరు లేదు. చదునుగా ఉంటే టైప్ బి, నీరుందనే అనుమానం. ఏ చెవికి ఏ టైప్ వచ్చిందో, బాబు ఎన్ని మాటలు మాట్లాడుతున్నాడో, గురక ఉందో లేదో ఈ మూడూ ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.